నెమలికంఠం ఒళ్ళు, రాణీ రంగు అంచు: విశాఖ ఇంట్లో గులాబీ, నీలం రంగులను కలపడం ఎలా

నెమలికంఠం రంగు పట్టుచీరకు రాణీ రంగు అంచు ఉంటే బాగుండదని మన ఇళ్ళలో ఎవరూ అనరు. అవే రెండు రంగులను గోడలకు వేద్దామంటే మాత్రం పసిపిల్లల గదిలా ఉంటుందేమోనని వెనకాడతారు. నేను వెనకాడలేదు, అందుకే మొదటిసారి చెడగొట్టుకున్నాను. ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాటులో పడకగదికి రెండు గోడలు లేత గులాబీ, రెండు గోడలు లేత నీలం వేయించాను. వారం తిరిగేసరికి ఆ గది తీర్థంలో అమ్మే పీచుమిఠాయి పొట్లంలా కనిపించసాగింది. రంగుల్లో దోషం లేదు, వాటిని పంచిన తీరులోనే ఉంది. చీర నేసేవారు రెండు రంగులకూ సమానమైన వాటా ఇవ్వరు, రెండింటినీ ఒకే లేతదనంలోనూ ఉంచరు. గోడల విషయంలో నేను ఆ రెండు పొరపాట్లూ ఒకేసారి చేశాను. మరుసటి ఏడాది ఆ గదిని సరిదిద్దుకున్న క్రమాన్ని, తరువాత బంధువుల ఇళ్ళలో ఒకటి రెండు గదులకు దగ్గరుండి రంగులు వేయించినప్పుడు తెలుసుకున్న సంగతులను ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

మొదటి పని: మార్చలేని వాటిని రాసుకోవడం

షేడ్ కార్డు తెరవడానికి ముందు గదిలో మీరు మార్చబోని వస్తువుల జాబితా ఒకటి రాసుకోండి. నేల, తలుపుల చెక్క, కిటికీ చట్రాలు, మంచం, బీరువా ఇందులోకి వస్తాయి. మన అపార్టుమెంట్లలో ఎక్కువగా కనిపించేది మీగడ రంగు విట్రిఫైడ్ టైల్సు, గోధుమరంగు పాలిష్ పట్టిన టేకు తలుపులు. ఈ రెండింటిలోనూ పసుపు ఛాయ దాగి ఉంటుంది. ఒక తెల్ల కాగితాన్ని నేల మీద పెట్టి చూస్తే, అంతవరకు తెల్లగా అనిపించిన టైలు ఎంత పసుపుగా ఉందో వెంటనే తెలుస్తుంది. అటువంటి నేల పక్కన ఊదా వైపు మొగ్గిన చల్లని గులాబీ వేస్తే గోడ కొత్తగా ఉన్నా నేల మాసినట్టు కనిపిస్తుంది. మీగడ రంగు నేలకు ఉల్లిపొర రంగు, కనకాంబరం వైపు మొగ్గిన గులాబీ వంటి వెచ్చని ఛాయలు నప్పుతాయి. నేల బూడిదరంగు టైలో, తెల్లని పాలరాయో అయితే తామరపూల గులాబీ, బచ్చలిపండు రసాన్ని పాలలో కలిపినట్టుండే చల్లని ఛాయలు కూడా ఇముడుతాయి.

రెండవ పని: గదిలోకి ఏ వెలుతురు వస్తున్నదో చూడడం

ఇది విశాఖ ఇళ్ళకు ప్రత్యేకించి చెప్పవలసిన మాట. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది కాబట్టి సముద్రం మనకు ఆగ్నేయ దిక్కున ఉంటుంది. బీచ్ రోడ్డు వైపో, రుషికొండ వైపో సముద్రానికి ఎదురుగా కిటికీలున్న గదిలో పొద్దున్న ఎండ నేరుగా, వెచ్చగా పడుతుంది. మధ్యాహ్నం దాటాక ఆ గదికి ఎండ ఉండదు, ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుతురే మిగులుతుంది. ఆ వెలుతురులో నీలాలు మరింత చల్లబడతాయి, చల్లని గులాబీలు బూడిద బారతాయి. కాబట్టి సముద్రం వైపు గదిలో వెచ్చని గులాబీని ఒంటి రంగుగా, అంటే చీర ఒళ్ళులా గదిలో ఎక్కువ భాగానికి, నీలాన్ని అంచులా తక్కువ భాగానికి ఉంచడం మంచిది. పడమటి గదిలో పరిస్థితి ఇందుకు పూర్తిగా తలకిందులు. మధ్యాహ్నం మూడు నుంచి సూర్యాస్తమయం దాకా పసుపు ఎండ గోడల మీద పడి, వెచ్చని గులాబీని నారింజ రంగులోకి నెట్టేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అటువంటి గదిలోకి అడుగుపెట్టగానే ఉన్న ఉక్కకు తోడు గోడలు కూడా సెగ కక్కుతున్నట్టు ఉంటుంది. అక్కడ నీలం ఒంటి రంగు కావాలి, గులాబీ అంచుకో కొంగుకో పరిమితం కావాలి. కిటికీలో నుంచి సముద్రం కనిపిస్తుంది కనుక గదంతా నీలం ఉండాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. బయట అంత నీలం ఉన్నప్పుడు లోపల అదే రంగు పోటీపడి వెలవెలబోవడమే నేను చూశాను. బీచ్ రోడ్డు వెంట ప్రహరీల మీద గులాబీ కాగితపు పూలు సముద్రం ముందు ఎలా వెలుగుతాయో ఒకసారి గుర్తు చేసుకోండి.

మూడవ పని: జోడీ కుదర్చడం

గులాబీ అంటే తెలుపు కలిసిన ఎరుపు. ఆ ఎరుపు పసుపు వైపు మొగ్గితే కనకాంబరం, ఉల్లిపొర వంటి వెచ్చని గులాబీలు వస్తాయి. నీలం వైపు మొగ్గితే రాణీ రంగు, తామర రంగు వంటి చల్లనివి వస్తాయి. నీలాల్లోనూ రెండు తెగలున్నాయి. నెమలికంఠం ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది, శంఖుపూవు నీలం ఊదా వైపు మొగ్గుతుంది. ఎటూ మొగ్గని నల్లబారిన నీలిమందు రంగు దాదాపు అన్ని గులాబీలతోనూ సర్దుకుపోతుంది కాబట్టి, మొదటిసారి ప్రయత్నించేవారికి దానినే సూచిస్తాను. వెచ్చని గులాబీకి నెమలికంఠం మంచి జోడీ. వాటిలో ఒకటి రెండవదానికి ఎదురుగా నిలిచి, రెండూ తేటగా కనిపిస్తాయి. చల్లని గులాబీకి శంఖుపూవు నీలం జోడించినప్పుడు రెండూ ఊదాలో కలుసుకుంటాయి, గది మెత్తగా ఉంటుంది. అయితే మధ్యలో తెలుపు తగినంత లేకపోతే అంతా నేరేడుపండు రంగులో ములిగినట్టు అనిపిస్తుంది. షేడ్ కార్డు మీది పేర్లను నమ్ముకోవద్దు. ఇంట్లో ఉన్న చీరలు నాలుగు తీసి నేల మీద పరిచి, వాటిలో మీ కంటికి నచ్చిన జతను పట్టుకుని దుకాణానికి వెళ్ళండి. దుకాణాల్లో ఇప్పుడు గుడ్డముక్కను చూపించి దానికి దగ్గరి షేడ్ కలిపించుకోవచ్చు.

నాలుగవ పని: రంగు తీసేసి చూడడం

ఈ మార్గదర్శిలో ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇది చేయండి. ఎంచుకున్న గులాబీ, నీలం షేడ్ ముక్కలను పక్కపక్కన పెట్టి ఫోనుతో ఫొటో తీయండి, తరువాత ఆ ఫొటోను నలుపు తెలుపులోకి మార్చండి. రెండూ ఒకే బూడిదరంగులో కనిపిస్తే ఆ జోడీ గోడల మీద నిలవదు. రంగులు వేరైనా ముదురు లేతల తేడా లేకపోతే కన్ను ఎక్కడ ఆగాలో తెలియక తచ్చాడుతుంది. నా పీచుమిఠాయి గదిలో జరిగింది సరిగ్గా ఇదే. రెండవసారి గులాబీని ఉల్లిపొర రంగులోనే లేతగా ఉంచి, నీలాన్ని నీలిమందు దాకా ముదిరించాను. ఫొటోలో ఒకటి దాదాపు తెలుపుగా, ఇంకొకటి దాదాపు నలుపుగా వచ్చింది. ఆ తేడా ఉన్న తరువాత పసిపిల్లల గదిలా ఉందన్న మాట ఎవరి నోటా రాలేదు. రెండింటినీ ముదురుగా ఉంచడం కూడా పొరపాటే. ముదురు రాణీ రంగు పక్కన ముదురు నీలం గోడ వేస్తే పెళ్ళి మండపంలో కూర్చున్నట్టు ఉంటుంది. ఒక పూటకు అది వేడుకగానే ఉంటుంది కానీ, రోజూ అందులో నిద్రపోవడం కష్టం.

ఐదవ పని: ఒళ్ళు, అంచు, కొంగు

ఇంటీరియర్ డిజైనర్లు అరవై, ముప్పై, పది అన్న పాళ్ళు చెబుతారు. మనకు చీర లెక్కలో అర్థం చేసుకోవడం సులువు. గదిలో కనిపించేదాంట్లో సగానికి మించి ఒంటి రంగు, దానిలో సగం మేర అంచు రంగు, కొంగులో మెరిసే బుటాలంత చిన్న పాలు ఘాటైన రంగు ఉండాలి. మా పడకగది లెక్కనే ఉదాహరణగా చెబుతాను. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు, ఎత్తు 10 అడుగులు. నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే దాదాపు 400. మంచం తలాపి వైపున్న 12 అడుగుల గోడకు ద్వారాలేవీ లేవు కనుక, ఆ 120 చదరపు అడుగులకు నీలిమందు రంగు, మిగిలిన 280 చదరపు అడుగులకు ఉల్లిపొర గులాబీ వేయించాను. పైకప్పు తెలుపు. రాణీ రంగు రెండు దిండు గలీబుల్లోనూ, ఒక కుర్చీ గుడ్డలోనూ తప్ప మరెక్కడా లేదు. ముదురు గోడను ఎంచుకునేటప్పుడు కిటికీ ఉన్న గోడను వదిలేయండి. వెలుతురుకు ఎదురుగా చూసినప్పుడు ఆ గోడ ఏ రంగైనా నల్లగానే కనిపిస్తుంది.

హాలుకు ఇదే లెక్క ఇంకా పొదుపుగా వాడాలి. అక్కడ టీవీ, పుస్తకాలు, దేవుడి పటాలు, వచ్చేపోయేవారి బట్టలు కూడా రంగులే. గోడలన్నీ మీగడ తెలుపులో ఉంచి, సోఫా నీలంలోనూ కర్టెన్లు లేత గులాబీలోనూ పెట్టుకుంటే సరిపోతుంది.

ఆరవ పని: అట్ట మీద నమూనా

నమూనా కోసం చిన్న డబ్బాలు అమ్ముతారు. రంగును నేరుగా గోడకు పూయకుండా, రెండడుగుల చదరపు అట్టకు ముందు తెల్ల ప్రైమరు, దాని మీద రంగు రెండు కోటింగులు వేయండి. అట్టను గోడ నుంచి గోడకు మార్చుతూ పొద్దున్న ఎనిమిదికి, మధ్యాహ్నం, సాయంత్రం ఐదుకు, రాత్రి లైట్ల కింద చూడాలి. గోడ నిండా పడినప్పుడు రంగు కార్డులో కంటే ఘాటుగా కనిపిస్తుంది. ఎదురెదురు గోడలు ఒకదాని రంగును మరొకదాని మీదకు విసురుతుండడమే దీనికి కారణం. అందుకే గులాబీని కార్డులో మీకు నచ్చినదానికంటే ఒక మెట్టు లేతగా తీసుకోండి. నీలానికి ఈ సర్దుబాటు చేయకండి, ముదురుగా ఉండడమే దాని పని.

ఏడవ పని: గోడ ఆరోగ్యం, ముహూర్తం

సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో ఈ మెట్టును దాటవేస్తే మిగిలినదంతా వృథా. చెమ్మ ఎక్కిన గోడలో నీరు ఆరుతూ తనలోని ఉప్పును పైకి తెస్తుంది. లేత రంగు మీద ఆ తెల్లని పొడి కనిపించదు, ముదురు నీలం మీద మాత్రం బొగ్గు మీద ముగ్గు చల్లినట్టు కనిపిస్తుంది. మా తలాపి గోడ మూలలో అరచేతి వెడల్పున అలాంటి మచ్చ లేచింది. మొదటి రోజు పొడి గుడ్డతో తుడిచాను, మూడో రోజుకు మళ్ళీ వచ్చింది, పది రోజులకు రంగు బుడగలుగా ఉబ్బి పెచ్చులు రాలాయి. వెనుక స్నానాలగది కుళాయి గొట్టం చెమర్చడమే కారణమని అప్పుడు తేలింది. ముందే చేయవలసిన పరీక్ష చాలా సులువు. అనుమానమున్న చోట అడుగు చదరపు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. కాగితం లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే చెమ్మ గోడలో నుంచే వస్తున్నదని అర్థం, రంగు పని ఆపి ముందు దాని మూలం వెతకాలి.

మన ఊరికి వానలు జూన్‌లో మొదలై నవంబరు దాకా ఏదో రూపంలో ఉంటాయి. తుపానుల భయం అక్టోబరు, నవంబరు నెలల్లో ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజున కిటికీ చట్రాల సందుల్లో నుంచి నీళ్ళు లోపలి గోడల మీదకు ఎలా చిమ్మాయో చూసినవారికి, ఆ సందులను సీలెంటుతో పూడ్చడం రంగు పనిలో భాగమని వేరే చెప్పనక్కరలేదు. రంగు వేయించడానికి డిసెంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. కొత్తగా సిమెంటు పూత పూసిన గోడ అయితే నాలుగు వారాలైనా ఆరనివ్వాలి.

ఎనిమిదవ పని: రంగు కొనడం, వేయించడం

లప్పం రెండు పొరలు పెట్టించి, ఉప్పుకాగితంతో రుద్దించి, దుమ్ము తుడిపించి, ప్రైమరు వేయించడం మీకు తెలిసిన వరుసే. ఈ జోడీకి ప్రత్యేకమైన జాగ్రత్తలు రెండున్నాయి. మొదటిది కొలత. నున్నని గోడ మీద మంచి ఎమల్షన్ రెండు కోటింగులకు లీటరుకు సుమారు 100 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. ఆ లెక్కన మా గులాబీకి మూడు లీటర్లు సరిపోయాయి. నీలానికి లీటరు చాలుననుకుంటే మా పెయింటరు నవ్వి, “ముదురు నీలం మూడో కోటింగు కూడా తాగేస్తాదమ్మా, రెండు తెచ్చీండి” అన్నాడు. అతడు చెప్పింది నిజం. ముదురు రంగులు కలిపే బేసులో, అంటే మూల పెయింటులో, తెల్లని టైటానియం పొడి తక్కువగా ఉంటుంది కాబట్టి కింది పొరను కప్పే శక్తి తక్కువ. ప్రైమరులోనే కాస్త బూడిదరంగు కలిపిస్తే ఒక కోటింగు ఆదా అవుతుంది. ఒకే షేడ్ డబ్బాలన్నీ ఒకేసారి కలిపించుకుని, వేయబోయే ముందు పెద్ద బకెట్టులో అన్నింటినీ కలిపేయండి. విడివిడిగా వేస్తే గోడ మధ్యలో షేడ్ మారిన గీత కనిపించవచ్చు.

రెండవది, రెండు రంగులు కలిసే గీత. ముందు గులాబీ గోడ పూర్తి చేసి, దానిని నీలం వైపుకు ఒక అంగుళం మేర దాటించండి. ఒక రోజంతా ఆరాక గీత వెంట మాస్కింగు టేపు అంటించి, అంచును గోరుతో గట్టిగా అదమండి. ఇప్పుడు నీలం వేయకండి. టేపు అంచు మీద మళ్ళీ అదే గులాబీని పలుచగా ఒకసారి పూయండి. టేపు కింద ఎక్కడైనా సందు ఉంటే ఈ గులాబీయే అందులోకి పాకి దానిని మూసేస్తుంది, దాని రంగు కింది రంగే కనుక జాడ తెలియదు. అది ఆరాక నీలం వేసి, చివరి కోటింగు పూర్తిగా ఆరకముందే టేపును గోడకు వాలుగా, నిదానంగా లాగాలి. ఈ అరగంట పనికి పెయింటర్లు విసుక్కుంటారు. కానీ తెల్లారి లేచి చూసినప్పుడు ఆ గీత కత్తితో కోసినట్టు ఉంటుంది.

నీలానికి మెరుపున్న ఎమల్షన్ వద్దు. కిటికీ నుంచి పడే ఏటవాలు వెలుతురు లప్పంలోని ప్రతి గుంటనూ చూపిస్తుంది. పూర్తిగా మెరుపు లేని మాట్ రకం అయితే చేతి మరకలు నిలుస్తాయి. కడగడానికి వీలైన మాట్ రకం రెంటికీ మధ్యస్థం. పడమటి ఎండ నేరుగా పడే గోడకు ఘాటైన రాణీ రంగు ఎంచుకోకండి. అటువంటి గులాబీలనిచ్చే కొన్ని సేంద్రియ వర్ణకాలు ఎండకు వెలిసిపోతాయి. ఉల్లిపొర వంటి మట్టి ఛాయలు చాలావరకు ఇనుప ఆక్సైడు వర్ణకాలతో వస్తాయి, అవి ఎండను ఓర్చుకుంటాయి.

తొమ్మిదవ పని: రాత్రి లైట్లు

మన ఇళ్ళలో వాడుకలో ఉన్న 6500 కెల్విన్ల తెల్లని ఎల్‌ఈడీ బల్బు కింద గులాబీ ఊదాగా పాలిపోతుంది, నీలం కరుకుగా కనిపిస్తుంది. 2700 కెల్విన్ల పసుపు వెలుగులో గులాబీ వెచ్చబడుతుంది కానీ నీలం నల్లబడి తన రంగు కోల్పోతుంది. ఈ జోడీకి హాల్లో 4000, పడకగదిలో 3000 కెల్విన్లు నాకు సరిపోయాయి. అట్టపెట్టె మీద సీఆర్‌ఐ అన్న అంకె కూడా చూడండి, బల్బు రంగులను ఎంత సహజంగా చూపుతుందో అది చెబుతుంది. 80 ఉన్న బల్బులు ఎరుపు ఛాయలను సరిగా చూపలేవు, గులాబీ పక్కన 90కి పైన ఉన్నవే వాడాలి. ఇక సందె వేళ లైటు వేయకముందు గదిలో కాసేపు కూర్చుంటే ఒక వింత కనిపిస్తుంది. గులాబీ క్రమంగా నల్లబడుతూ ఉంటే, నీలం దానంతగా నల్లబడదు. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1819లో గమనించిన ఈ మార్పుకు కారణం మన కన్నే. మసక వెలుతురులో పనిచేసే కణాలు ఎరుపును దాదాపు పట్టించుకోవు. మీ గది సాయంత్రాలు ఎక్కువగా చీకటిగా ఉండేదైతే గులాబీ వస్తువులను దీపానికి దగ్గరగా పెట్టండి.

పదవ పని: గుడ్డలు, చెక్క, లోహం

గోడలు పూర్తయిన వారం దాకా ఏమీ కొనకండి. ఖాళీ గదిలో కొన్న కుషన్లు మంచం, బీరువా వచ్చాక నప్పవు. ఒంటి రంగుకూ అంచుకూ మధ్య ఊపిరి తీసుకోవడానికి కొంత తెలుపు కావాలి. అందుకు పొందూరు ఖద్దరు కర్టెన్లు నాకు అన్నిటికంటే నచ్చాయి. వాటి తెలుపులో చిన్న మీగడ ఛాయ ఉంటుంది, ఉల్లిపొర గులాబీ పక్కన ట్యూబులైటు తెలుపులా గుచ్చుకోదు. పెడన కలంకారీలో నీలం, మట్టి ఎరుపు ఒకే గుడ్డ మీద కలిసి ఉంటాయి కాబట్టి అటువంటి దుప్పటి ఒకటి రెండు గోడలకూ వారధిలా ఉపయోగపడుతుంది. సహజమైన నీలి రంగు గుడ్డలను మొదటి రెండు మూడు సార్లు విడిగా ఉతకండి. లేత గులాబీ గలీబుతో కలిపి నానబెట్టి, రెండింటినీ బూడిదరంగు చేసుకున్న అనుభవం నాది. అల్మారా మీద ఏటికొప్పాక లక్క బొమ్మలు రెండు చాలు. అంకుడు కర్రకు పట్టిన ఆ లక్క మెరుపు మాట్ గోడ ముందు బాగా తేలుతుంది. పది పెడితే అది బొమ్మల కొలువు అవుతుంది.

బంగారు పూత పూసిన ఇనుప బల్లకాళ్ళు, కర్టెన్ కడ్డీలు ఈ రంగుల పక్కన ఫొటోల్లో ఎంతో బాగుంటాయి. సముద్రం వైపు ఇళ్ళలో మాత్రం పూత గీసుకున్న చోటల్లా తుప్పు లేస్తుంది. కడ్డీలకు అల్యూమినియమే మేలు. ఇత్తడి నచ్చినవారు ఇత్తడే పెట్టుకోవచ్చు. అది నల్లబడుతుంది కానీ చింతపండుతో తోమితే మళ్ళీ మెరుస్తుంది.

అద్దె ఇంటివారికి

గోడల జోలికి వెళ్ళలేనివారు ఆ తెల్ల గోడలనే ఒళ్ళుగా తీసుకోండి. తలాపి వెనుక కడ్డీ కట్టి, గోడ వెడల్పున ముదురు నీలం నేత గుడ్డ వేలాడదీస్తే అంచు సిద్ధమవుతుంది. గులాబీ దుప్పటి, ఒక దీపం, బాల్కనీలో కాగితపు పూల కుండీ కొంగు పని చేస్తాయి. కుండీకి మాత్రం ఎండ బాగా, నీళ్ళు తక్కువగా ఉండాలి. నీళ్ళు ఎక్కువైతే అది పూలు మానేసి ఆకులు వేస్తుంది.

పని ముగిశాక మిగిలిన రంగులను పారేయకండి. ఒక్కొక్కటి చిన్న గాజుసీసాలోకి వంపి, మూత బిగించి, షేడ్ సంఖ్య, బేసు పేరు, కలిపించిన తేదీ, ఏ గోడకో మూత మీద రాసిపెట్టండి. మంచం జరిపినప్పుడు నీలం గోడకు పడిన గీతలను మా ఇంట్లో ఇప్పటికి రెండుసార్లు ఆ సీసాలోని రంగుతోనే, చిన్న కుంచెతో, దుకాణానికి వెళ్ళకుండా కప్పేశాను.